ఇరవై రెండు నిండు సీసాలు

“నువ్వొకదానివి కూసుంటే ఇంట్లో అందరి పనీ నిలిచిపోతాది, తెలుసునా?”

శనివారం పొద్దున అయిదింటికి మా అత్త విశాలమ్మ అన్న మాట ఇది. నేను కూర్చున్నది నిజమే. ముందురోజు నానేసిన అనపగింజల్ని పితుకుతూ, నడుం లాగేస్తుంటే వంటింటి గడప మీద రెండు నిమిషాలు కూలబడ్డాను. చేతులు మాత్రం ఆగలేదు. పితికిపప్పు పులుసు తినేటప్పుడు అందరికీ ఇష్టమే. ఒక్కో గింజనీ నొక్కి, తోలు ఒలిచి, నలుగురికి సరిపడా పప్పు తీయడానికి గంట పడుతుందన్న సంగతి తినేవాళ్లకు పట్టదు. ఆ గంటా నిలబడే పితకాలని మా అత్త ఉద్దేశం. మాట అనేసి, నాలుక చప్పరించి, చిన్నగా నవ్వుతుంది. కోపమా అంటే కోపం కాదు, తమాషా అంటే తమాషా కాదు. పదకొండేళ్లుగా ఆ నవ్వు వింటున్నాను.

మా ఆయన నాగేశ్‌కి బంగారుపేట బజార్లో బట్టల కొట్టు ఉంది. “ఇరవై రెండు మందిని నడిపిస్తాదంట మా ఇంటామె. ఒక్కడికి టైముకి కాఫీ ఇమ్మంటే మాత్రం చేత కాదు” అని కొట్టుకొచ్చినవాళ్లకు చెప్పి నవ్విస్తాడు. వాళ్లు నవ్వారని మళ్లీ ఇంటికొచ్చి నాకు చెబుతాడు.

నేనూ నవ్వేదాన్ని. ఎందుకంటే ఆరున్నరకు కంపెనీ వ్యాను ఎక్కితే నేను ఇంకో మనిషిని. హైవే పక్కన కార్లకు వైర్లు కట్టే కంపెనీ మాది. వైర్లన్నీ జడ అల్లినట్టు అల్లి, టేపు చుట్టి పంపిస్తాం. ఒకరు చుట్టింది ఇంకొకరి ముందుకు పోతుంది. నేను లైన్ లీడర్ని. అక్కడ నన్ను అందరూ నేత్రక్కా అంటారు. ఎవరికి కంట్లో నలక పడిందో, ఎవరి మొగుడు కొట్టాడో నాకు తెలుసు. ఎవరి పుట్టినరోజైనా పొద్దున్నే పాట పాడిస్తాను. ఒకరు వెనకబడితే పక్కనున్నామె అందుకునేలా నేర్పాను. మంచినీళ్ల సీసాల మీద పేర్లు రాసి గోడ పక్క అలమరలో వరసగా పెట్టించింది కూడా నేనే. బయటివాళ్లు ఎవరొచ్చినా మా లైన్ దగ్గర ఆగి ఆ వరస చూసి మెచ్చుకుంటారు. మూడు నెలలుగా బెస్ట్ టీమ్ మాదే.

“ఇది టీమ్ కాదు నేత్రావతమ్మా, ఫ్యామిలీ” అంటారు మా మేనేజర్ పురుషోత్తమ్ సార్. ఈ శనివారం బహుమతి సభలో నాకు సీనియర్ లీడర్ పోస్టు లెటరు ఇస్తామన్నారు. కాంట్రాక్టు పోయి పర్మనెంటు. ఆ కాగితం కోసం ఆరేళ్లుగా చూస్తున్నాను. అది చేతికొస్తే నాగేశ్ కాఫీ జోకు మానేస్తాడేమోనని ఒక ఆశ కూడా ఉండేది, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ.

“దేవుడి గూట్లో మీ మామ బిళ్ల లేదే, యాడ పెట్టినావు?” అంది అత్త వెనక నుంచి.

“తోమేదానికి తీసినాను అత్తా” అన్నాను. అబద్ధం.

అది ఇత్తడి బిళ్ల. రూపాయి కంటే కొంచెం పెద్దది, మీద నంబరు కొట్టి ఉంటుంది. మా మామ నాగేంద్రప్ప బంగారు గనిలో పని చేసినన్నాళ్లు దాన్ని తీసుకుని దిగి, పైకొచ్చాక బోర్డు మీద తగిలించేవాడట. గని మూతపడ్డాక ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక అది గూట్లో పటాల వెనక్కి చేరింది. గూడు తుడిస్తే తప్ప ఎవరి కంటా పడదు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఆయనే చెప్పాడు: “బోర్డు మీద ఒక బిళ్ల తక్కువుంటే మనిషి ఇంగా కిందనే ఉండాడని లెక్కమ్మా. వాడు వచ్చేదాకా ఎవరమూ ఇంటికి పోయేవాళ్లం కాదు.”

ఆ బిళ్ల ఎనిమిది నెలలుగా నా ఏప్రన్ జేబులో ఉంది. మా కంపెనీలో లైనుకి ఒకటే పాస్. బాత్రూమ్‌కి పోయేవాళ్లు అది తీసుకుపోవాలి. ప్లాస్టిక్ పాస్ విరిగిపోతే కొత్తది ఇవ్వడానికి ఆఫీసువాళ్లు రోజులు జరిపారు. అంతవరకు ఉండనీ అని మామ బిళ్ల పట్టుకుపోయాను. దాన్ని మేకుకు తగిలిస్తే ఎవరు పడితే వాళ్లు తీసుకుంటున్నారని నా జేబులో పెట్టుకున్నాను. కావలసినవాళ్లు వచ్చి అడుగుతారు. అడిగితే ఇచ్చేదాన్ని, ఏ రోజూ లేదనలేదు. పోనుపోను అడిగేవాళ్లు తగ్గిపోయారు. మా టీమ్‌కి శ్రద్ధ పెరిగిందనుకున్నాను. నేను మాత్రం పోయేదాన్నా? ఎనిమిది గంటలూ బిగబట్టుకుని నిలబడేదాన్ని. అది నా గొప్ప.

ఆ రోజు పితికిన అనపగింజలు సుగటూరువి. వాటి కథ కూడా చెప్పాలి.

మా లైన్లో అందరికంటే చిన్నది శృతి. ఇరవై ఏళ్లు. ఆ వారం బుధవారం నుంచి రాలేదు. మూడు నెలల్లో ఒక్క ఆబ్సెంటు లేని లైన్‌కి సరిగ్గా సభ ముందు మచ్చ పడింది. శుక్రవారం షిఫ్టు దిగి, బస్సెక్కి నేరుగా సుగటూరులో వాళ్లింటికే పోయాను. పిల్లకి ధైర్యం చెప్పి తీసుకొద్దామని. మోటివేట్ చేయడం అంటారు మా సార్.

వాళ్లమ్మ హనుమక్క వాకిట్లో రాగులు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచింది.

“రామ్మా, రా. నేత్రక్క నేత్రక్క అని ఎప్పుడూ నీ మాటే. జరం ఇప్పుడు తగ్గుండాది. ఒంటికి పోయేటప్పుడు మంట, నెత్తురు కూడా పడింది. కోలారు పెద్దాసుపత్రికి పిలుచుకొని పోయినాము. నీళ్లు తాగక, ఆపుకోని ఆపుకోని ఇట్లయిందంట. మూత్రపిండానికి పాకిందంట. ఫ్యాక్టరీలో నీళ్లు లేవామే అంటే, ఉండాయి అంటాది. మరి తాగేదానికేమి రోగమమ్మా?”

“వేడి చేసుంటుందక్కా. ఈ కాలం పిల్లలు నీళ్లు తాగరు. సబ్జా గింజలు నానేసి ఇవ్వు” అన్నాను.

ఎంత ధీమాగా అన్నానో! లోపల చాప మీద పడుకున్న శృతి నన్ను చూసి లేవబోయింది. మొహం పీక్కుపోయి ఉంది.

“సోమవారం వస్తానక్కా. నా ఒకదాని వల్ల టీమ్‌కి నష్టమైంది. సారీ అక్కా” అంది.

ఆ సారీ వినగానే నాకు మనసు కుదుటపడింది. చూడండి, దాచుకోకుండా చెబుతున్నాను. పిల్ల దారికొచ్చిందని కుదుటపడింది. వచ్చేటప్పుడు హనుమక్క వాళ్ల చేలో కోసిన అనపకాయలు సంచీ నిండా పోసి, “నా బిడ్డని చూసుకుంటా ఉండావు, నీకు ఇంగేమిచ్చేది” అని చేతికిచ్చింది. నేను తీసుకున్నాను.

సభ శనివారం మధ్యాహ్నం మూడింటికి, క్యాంటీన్లో. మూడు వందల మంది. తెర కట్టి, ఆఫీసులో పనిచేసే చైత్ర తన ఫోన్లో తీసిన వీడియో వేసింది. పది రోజులుగా ఆ పిల్ల మా మధ్య తిరుగుతూ, మేం పనిలో ఉండగా తీసిందట. ముందు మా లైన్ పాట పాడుతూ కనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత చేతులు, వైర్లు, టేపు. పైన ఏదో సంగీతం.

సంగీతం ఆగింది. మా అత్త గొంతు వినిపించింది.

“ఏమే, మళ్లానా? నువ్వొకదానివి లేస్తే లైన్లో అందరి పనీ నిలిచిపోతాది, తెలుసునా?”

నాలుక చప్పరించి, చిన్న నవ్వు.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఒట్టు, నిజంగానే చూశాను. అత్త ఇక్కడికెందుకొచ్చింది, ఎవరు రానిచ్చారు అని తలుపు వైపు చూశాను. తలుపు దగ్గర ఎవరూ లేరు. తెర మీద నీలం ఏప్రన్ వేసుకుని నేనే ఉన్నాను. నా నోరే కదిలింది. నా ముందు శృతి నిలబడి ఉంది. చేయి చాచి ఉంది. అరచేయి పైకి. ఆ మాట విని వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని, “వద్దులేక్కా” అని వెనక్కి పోయి కూర్చుంది. తెర మీద నేను జేబు తట్టుకున్నాను.

“దీన్ని అంటారు డిసిప్లిన్!” అన్నారు పురుషోత్తమ్ సార్ మైకులో. చప్పట్లు మోగాయి.

చైత్ర ఫోను పక్కకు తిప్పినట్టుంది, తెర మీదికి మా నీళ్ల అలమర వచ్చింది. పైన గోడ గడియారం రెండూ యాభై. షిఫ్టు దిగడానికి పది నిమిషాలు. కింద ఇరవై రెండు సీసాలు, పేర్లు రాసినవి. మూత దాకా నిండుగా. ఒక్కటీ గుక్కెడు తగ్గలేదు. ఎనిమిది నెలలు ఆ అలమర ముందే నిలబడ్డాను. వరస చూశాను, పేర్లు చూశాను. నీళ్లు చూడలేదు.

మా లైన్ ఆడవాళ్ల వైపు చూశాను. చప్పట్లు కొట్టడం లేదు. బల్లలకేసి చూస్తున్నారు. అందరిలోకీ పెద్దది మునివెంకటమ్మ ఒక్కతే నన్ను చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు. పదకొండేళ్లుగా నేను మా అత్తను చూసే చూపే అది. నేను అత్తని ఎంత బాగా భరిస్తున్నానని అనుకునేదాన్నో, వీళ్లు నన్ను అంత బాగా భరించారు. ఇంట్లో పడ్డ ప్రతి మాటనీ వ్యాను ఎక్కేటప్పుడు దులిపేసుకుంటున్నాననుకున్నాను. ఎక్కడ దులిపాను? మూట కట్టి తెచ్చి పంచిపెట్టాను. దానికే బహుమతి.

మైకు ఇచ్చి, మీ టీమ్ రహస్యం చెప్పమన్నారు. నోరు తెరిచాను. తెరిస్తే మళ్లీ ఆ గొంతే వస్తుందేమోనని భయమేసింది. మైకు సార్‌కే తిరిగిచ్చాను. సంతోషంతో మాట రావడం లేదని సారే చెప్పి, కవరు చేతిలో పెట్టారు. “సోమవారం కంపెనీ పెద్దలు వస్తారు. మీ లైన్ చూపించి ఈ లెటరు మీద సంతకాలు పెట్టిస్తాను. అదొక్కటే బాకీ” అన్నారు.

ఇంటికొచ్చి బిళ్లని తోమి, అత్త చేతిలో పెట్టాను. ఇన్నాళ్లూ ఎక్కడుందో చెప్పేశాను. ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం నల్లబడింది.

“ఏర్ బ్లాస్ట్ అయి, లోపల బండలు పేలి గని కూలినప్పుడు బోర్డు మీద ఈ బిళ్ల లేదు. నేను పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా గేటు కాడ నిలబడినాను. మీ మామ ప్రాణమే ఇది. దీన్ని తీసుకపోయి బాత్రూమ్‌కి పోయేదానికి పెట్టినావా?”

“పోకుండా చేసేదానికి పెట్టినానత్తా.”

ఆమె నన్ను చూసింది. నేను పళ్లెంలో సంగటి ముద్ద, పితికిపప్పు పులుసు పెట్టుకుని కింద కూర్చున్నాను. ఎవరికీ వడ్డించలేదు. నాగేశ్ ఇంకా చేతులు కడుక్కుంటున్నాడు. సుగటూరు గింజలు. అయినా కూర్చునే తిన్నాను.

“నువ్వొకదానివి...” అని మొదలుపెట్టింది అత్త. మిగతాది పూర్తి చేయలేదు. బిళ్ల కొంగుకు తుడుచుకుంటూ గూటి వైపు పోయింది.

సోమవారం లైన్ మొదలయ్యే ముందు చెప్పాను. “బిళ్ల లేదు. ఇంగ ఎవరూ నన్ను అడగాల్సిన పన్లేదు. లేచిపోండి, పక్కామె చూసుకుంటాది.”

ఎవరూ కదల్లేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. సీసాలు నిండుగానే ఉన్నాయి. పురుషోత్తమ్ సార్ ముగ్గురు కొత్త మనుషులతో మా వైపే వస్తున్నారు. అప్పుడే శృతి లేచి నా దగ్గరికి వచ్చింది. అలవాటు ప్రకారం చేయి చాచింది. అరచేయి పైకి.

అలమరలోంచి తన సీసా తీసి ఆ చేతిలో పెట్టాను. “తాగు. తాగి పో. నీ పని నేను చూస్తా.”

పిల్ల అందరి ముందూ గటగటా తాగింది. వెనక మునివెంకటమ్మ లేచింది. తర్వాత ఇంకో ఇద్దరు. మా లైన్ మీద వైర్లు కుప్పపడి, ఆరేళ్లలో మొదటిసారి లైన్ ఆగింది.

సార్ నా పక్కకొచ్చి పళ్ల మధ్య నుంచి అన్నారు. “ఏమమ్మా ఇది? పెద్దల ముందర! లైన్ నిలిచిపోయిందే!”

శృతి కుర్చీలో కూర్చుని టేపు చేతికి తీసుకున్నాను.

“నిలిచిపోనీండి సార్. మావాళ్లు నలుగురు ఇంకా రావాల.”