మాస్టారు చెప్పి రాయించిన సర్వే

విజయవాడ ఆటోనగర్‌ను ఆనుకుని ఉన్న ఒక చిన్న శిక్షణ కేంద్రంలో ఏటా ఏప్రిల్లో సర్టిఫికెట్లు ఇస్తారు. ఆ ఏడు కూడా ఇచ్చారు. డీజిల్ మెకానిక్ కోర్సు పూర్తిచేసిన ముప్పైమంది కుర్రాళ్లు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. తల్లులు ముందు వరసలో కూర్చున్నారు. చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు, లడ్డూలు తిన్నారు. చూసినవాళ్లెవరైనా ముప్పై ఇళ్లు బాగుపడ్డాయనే అనుకుంటారు.

ఇరవై రెండేళ్లుగా ఆ కోర్సు చెబుతున్న వెంకటప్పయ్య మాస్టారు కూడా అలాగే అనుకున్నారు. ఆటోనగర్లో సగం షెడ్ల యజమానులు ఆయన దగ్గర స్పానర్ పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లే. ఆయన వీధిలోకి వస్తే కుర్చీ తుడిచి వేస్తారు. ఆ గౌరవమే ఆయన ఆస్తి.

లడ్డూల పళ్లెం తిరుగుతుండగా సాలేహా ఆయన దగ్గరికి వచ్చింది. ఆ కేంద్రంలో ఉద్యోగాలు చూపించే విభాగంలో చేరి మూడు నెలలైంది. లారీ బాడీలు కట్టే నాగుల్ మీరా కూతురు. మాస్టారి కళ్ల ముందు పెరిగిన పిల్ల.

"మాస్టారూ, పోయినేడు సర్టిఫికెట్లు తీసుకున్నవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారండీ?"

పక్కనే ప్రిన్సిపాల్ రాజ్యలక్ష్మి గారు ఉన్నారు. మాస్టారి చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది.

"ఏదో ఒకటి చేస్తూనే ఉంటారమ్మా. చేతిలో పనున్నవాడు ఖాళీగా ఉంటాడా?" అన్నారు.

వారం తిరక్కుండా సాలేహా పోయినేటి ముప్పైమందికీ ఫోన్ చేసింది. షెడ్లలో ఉన్నది ఆరుగురు. మిగతావాళ్లలో కొందరు బైకుల మీద భోజనాలు మోస్తున్నారు, కొందరు బట్టల కొట్లలో ఉన్నారు, ఇద్దరు పెళ్లిళ్లకి లైట్లు కడుతున్నారు. నలుగురు ఫోనే ఎత్తలేదు. రాజ్యలక్ష్మి గారు ఆ వివరాలు మీటింగులో పైకి చదివారు. చదువుతున్నంతసేపూ అందరూ తననే చూస్తున్నట్టు మాస్టారికి ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నాయి.

తర్వాత సాలేహా లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. రొయ్యల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యలు శుభ్రం చేసి గడ్డకట్టించే ప్లాంట్లు, వాటిని మోసే కూలింగ్ వ్యాన్లు, ఆ వ్యాన్లకి పెట్టెలు కట్టే ఆటోనగర్ షెడ్లు, ఇలా ఒక్కొక్కటే రాసి గీతలతో కలిపింది.

"ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని బతికే పనులండీ. దీన్ని క్లస్టర్ అంటారు. ఒక్క షెడ్డునే అడిగితే ఆ షెడ్డు పనే తెలుస్తుంది. అందర్నీ అడిగి కలిపి చూస్తే, ఎక్కడ మనుషులు దొరక్క పని ఆగుతోందో తెలుస్తుంది. నాకైతే కూలింగ్ మిషన్లు బాగుచేసేవాళ్లే లేరనిపిస్తోంది. కానీ నాకనిపిస్తే చాలదు కదా. అడిగి చూద్దాం. అడిగాకే వచ్చే ఏడు కోర్సేమిటో తేల్చుకుందాం."

రాజ్యలక్ష్మి గారు తలాడించారు. ఆ తలాడింపు మాస్టారి గుండెల్లో కలుక్కుమంది. ఇరవై రెండేళ్లలో ఆమె తన మాటకి ఎప్పుడైనా అలా తలాడించిందా అని లెక్కపెట్టుకున్నారు. గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం అలవాటు ప్రకారం నాగుల్ మీరా షెడ్డులో టీ తాగడానికి ఆగారు. మీరా కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. కానీ నోరు తెరిస్తే కూతురి మాటే.

"మా అమ్మాయి చెప్పిందండీ మాస్టారూ, ముందు ముందు అంతా కూలింగ్ బళ్లేనంట. ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నాం, మనకి తట్టిందా చెప్పండి?"

మనకి అన్న మాట దగ్గర టీ చేదెక్కింది. గ్లాసు సగంలో పెట్టి లేచారు.

భవానీపురంలో ఇంటికి చేరేసరికి భార్య కనకలక్ష్మి ఆయన ముఖం చూసి సంగతి రాబట్టింది.

"పోన్లెండి, చిన్నపిల్ల. మీ చేతుల మీద పెరిగిందేగా."

"అందుకేనే మంట. బయటి నుంచి ఎవడో పెద్ద ఆఫీసరు వచ్చి చెబితే వినేవాణ్ణి."

ఆయన అబద్ధమాడలేదు. మనం దూరపువాళ్లను చూసి అంతగా కుళ్లుకోం. మన ఎదుట పలక పట్టుకున్నవాళ్లు మన బోర్డు మీద రాస్తేనే తట్టుకోలేం.

సర్వేకి యాభై రెండు చోట్లు తేలాయి. ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీలు కలిపి పన్నెండింటికి సాలేహా తనే తిరిగింది. ఆటోనగర్లోని నలభై షెడ్ల ఫారాలు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది.

"నాకంటే మీకే నిజం చెబుతారు మాస్టారూ. మీరడిగితే కాదనేవాళ్లెవరండీ?"

ఆ నమ్మకాన్ని ఆయన ఎలా వాడుకున్నారో చెప్పడానికి ఈ కథ రాస్తున్న చేతికీ సిగ్గుగానే ఉంది. ప్రతి షెడ్డుకీ వెళ్లారు. ప్రతిచోటా కూర్చున్నారు. 'మీకు ఎలాంటి పనివాళ్లు దొరకడం లేదు?' అన్న ప్రశ్న దగ్గరికి రాగానే వేలు పెట్టి చూపించారు.

"ఇక్కడ డీజిల్ మెకానిక్ అని రాయి నాయనా. మన కోర్సు నిలబడాలి."

మాస్టారు చెప్పారు కాబట్టి రాశారు.

మే మధ్యలో మీటింగు జరిగింది. నలభై ఫారాలు డీజిల్ అన్నాయి, పన్నెండు కూలింగ్ అన్నాయి. రాజ్యలక్ష్మి గారు నిట్టూర్చి పాత కోర్సునే ఖాయం చేశారు. మాస్టారికి కడుపు చల్లబడింది. బయటికి వచ్చాక వరండాలో సాలేహా ఎదురైంది.

"నేనే తొందరపడ్డానేమోనండీ. షెడ్లు చూడకుండా మాట్లాడాను. మీరు తిరక్కపోతే తప్పు కోర్సు పెట్టించేదాన్ని."

ఆమె పోట్లాడి ఉంటే ఆయన గెలిచినట్టుండేది. ఆమె తప్పు ఒప్పుకుంది. అయినా ఆయన నిజం చెప్పకుండానే స్కూటరు వైపు నడిచారు.

మే చివరి వారం. ఎండ నిప్పులు చెరుగుతోంది. పదకొండు గంటలప్పుడు ఎలీషా ఫోన్ చేశాడు. ఐదేళ్ల కిందటి బ్యాచ్‌లో అతనే ఫస్టు. శబ్దం విని ఇంజన్ జబ్బు చెప్పగలిగేవాడు. ఆటోనగర్లో అబ్రహాము షెడ్డులో కొన్నాళ్లు చేశాడు. అక్కడ పని తగ్గిపోయాక, పదిహేను రోజుల కిందట రొయ్యల ప్లాంటు వ్యాను డ్రైవరుగా చేరాడు.

"గన్నవరం దగ్గర హైవే పక్కన ఆపానండీ మాస్టారూ. ఇంజన్ బానే ఉంది. పెట్టె చల్లబడటం లేదు. మీరొకసారి రాగలరా?"

మాస్టారు స్కూటరు తీశారు. ఆయన వెళ్లేసరికి పెట్టె చల్లదనం చూపే మీటరు మైనస్ పద్దెనిమిది నుంచి మైనస్ ఏడుకి వచ్చేసింది. బెల్టు చూశారు, ఫ్యూజులు చూశారు. కంప్రెసర్ తిరుగుతూనే ఉంది. చల్లబరిచే గ్యాసు ఎక్కడో పోతోందని అర్థమైంది. ఎక్కడ పోతోందో కనిపెట్టడానికి కావలసిన మీటర్లు లేవు, ఉన్నా వాటిని చదవడం ఆయనకు రాదు. ఊళ్లో ఇళ్ల ఏసీలు బాగుచేసే మనిషిని పిలిపిస్తే చూసి, ఈ మిషన్ నేనెప్పుడూ విప్పలేదండీ అని వెళ్లిపోయాడు. కంపెనీ మెకానిక్ చెన్నై నుంచి మర్నాడు వస్తాడన్నారు. లోపలున్న గడ్డకట్టిన రొయ్యలు మార్చడానికి చుట్టుపక్కల అంత చల్లటి గది ఎక్కడా ఖాళీ లేదు.

రెండింటికి పెట్టె కింది నుంచి నీళ్లు కారడం మొదలైంది. ఫోన్లో ప్లాంటు యజమాని కేకలు వేశాడు. సరుకంతా పారబోయాల్సిందేనన్నాడు. డ్రైవరుదే అశ్రద్ధ, రేపట్నుంచి రావద్దన్నాడు.

ఎలీషా ఫోను జేబులో పెట్టుకుని వ్యాను నీడలో కూర్చున్నాడు. మాస్టారు పక్కనే నిలబడ్డారు. చేతులకి గ్రీజు, చొక్కాకి చెమట.

"మీరు నాకు ఇంజన్ మొత్తం నేర్పారు మాస్టారూ. ఈ పెట్టె గురించే ఎవరూ చెప్పలేదు."

"మనకెవరికీ రాదురా ఇది."

"మీరు సర్వే కాగితం తెచ్చిన రోజు నేను అబ్రహాము గారి షెడ్డు వెనక పనిలో ఉన్నానండీ. మీరు వెళ్లాక తెలిసి, కూలింగ్ మెకానిక్ లేక నెలకి రెండు మూడు బళ్లు వెనక్కి పంపేస్తున్నాం, అదే రాయాల్సిందన్నాను. మాస్టారు డీజిల్ రాయమన్నార్రా అన్నారాయన." ఎలీషా తలెత్తాడు. ఆ కళ్లలో కోపం లేదు. "మీరు చెప్పారంటే అందులో మాకేదో మంచి ఉంటుందనుకున్నామండీ."

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో వెంకటప్పయ్య మాస్టారిని ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. ఎలీషా భుజం మీద చెయ్యి వేయబోయి, గ్రీజు చూసుకుని వెనక్కి తీసుకున్నారు.

ఇంటికి వెళ్లలేదు. అదే చొక్కాతో కేంద్రానికి వెళ్లారు. రాజ్యలక్ష్మి గారి గదిలోకి సాలేహాని కూడా పిలిపించారు.

"ఆ నలభై ఫారాలూ నేను చెప్పి రాయించానండీ. షెడ్లవాళ్ల తప్పు లేదు. ఈ అమ్మాయి మాట చెల్లుతోందని ఓర్వలేక చేశాను."

సాలేహా ముఖం ఎర్రబడింది. "నాకు చెబితే పోయేదండీ. నేను మీతోనే చేద్దామనుకున్నాను" అని మాత్రం అంది. తర్వాత పదిరోజులు ఆయనతో మాట్లాడలేదు. రాజ్యలక్ష్మి గారు వ్రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు, ఆ ఏడు ఇంక్రిమెంటు ఆపారు. ఆయన ఎదురు చెప్పలేదు.

నలభై షెడ్లకీ మళ్లీ తిరిగారు. ఈసారి సాలేహా ప్రశ్న అడిగింది, మాస్టారు పక్కన నోరు కట్టుకుని కూర్చున్నారు. మొదటి షెడ్డులోనే, "ఆ రోజు నేను చెప్పింది మర్చిపోండయ్యా, ఉన్నదున్నట్టు రాయండి" అన్నారు. అది ప్రతి గడప దగ్గరా చెప్పాల్సి వచ్చింది. ముప్పై మూడుచోట్ల కూలింగ్ పని తెలిసినవాళ్లు కావాలన్నారు. డీజిల్ వాళ్లు కావాలన్నది నలుగురే. మిగతావాళ్లు వెల్డింగు అన్నారు.

ఆగస్టులో కొత్త కోర్సు మొదలైంది. డీజిల్ బ్యాచ్‌ని పదిమందికి తగ్గించారు. కూలింగ్ బ్యాచ్‌లో మొదటి పేరు ఎలీషాది. వాళ్లతో పాటు మాస్టారు కూడా సాయంత్రాలు ఆ క్లాసులో కూర్చుని నోట్సు రాసుకునేవారు. ఫిబ్రవరికల్లా ఇరవైమందిలో పదిహేనుమంది ప్లాంట్లలో, షెడ్లలో కుదురుకున్నారు. ఎలీషాని పాత ప్లాంటు యజమానే మెకానిక్‌గా పిలిచాడు. అతను వెళ్లలేదు, గుడివాడ రోడ్డులో మరో ప్లాంటులో చేరాడు.

అసూయ అంత తేలిగ్గా పోయేది కాదు. ఆ ఏడు వార్షికోత్సవంలో సాలేహాకి శాలువా కప్పుతుంటే మాస్టారి ఛాతీలో మళ్లీ కలుక్కుమంది. అది ఏమిటో ఆయనకిప్పుడు తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టారు. ఆమె మైకు తెచ్చి ఆయనకే ఇచ్చింది. ఎదురుగా కొత్త బ్యాచ్‌లో చేర్చడానికి పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులున్నారు.

"అయ్యా, అమ్మా, నాకొచ్చిన పనే పిల్లలందరికీ అన్నం పెడుతుందనుకుని ఇన్నేళ్లు బతికాను. ఆ మాట కాదన్నందుకు ఒక మంచి పిల్ల మీద ఏడ్చి, మీ బిడ్డల దారికి అడ్డం పడ్డాను. ఇక్కడికొచ్చినప్పుడు ఏ కోర్సు ఉందని అడక్కండి, ఈ కోర్సు ఎవర్ని అడిగి పెట్టారని మమ్మల్ని నిలదీయండి. ఊళ్లో ఏ పనికి మనుషులు కరువయ్యారో అడిగి తెలుసుకుని, అది నేర్పినప్పుడే మేమిచ్చే కాగితం మీ పిల్లలకి బతుకుతెరువవుతుంది."