చెల్లని చదువు

మూహే బడి పెట్టిన ఏడాది, థాయ్ సరిహద్దు శిబిరంలో సగం ఇళ్లకు ఇంకా కప్పులు లేవు. బర్మా నుంచి నది దాటి పారిపోయి వచ్చిన కరెన్ జనం టార్పాలిన్ల కింద తలదాచుకుంటుంటే, ఆయన మాత్రం పదిమందిని పోగేసి వెదుళ్లు కొట్టించాడు, ఆకు కప్పు వేయించాడు, మట్టినేల మీద పిల్లల్ని కూర్చోబెట్టి కరెన్ అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాడు.

"ముందు మా పొయ్యిల్లో పిల్లి లేవనీ థరా! తర్వాత చూద్దాం చదువుల సంగతి" అని నవ్వారు కొందరు.

"పొయ్యి చూసుకోడానికి మీరున్నారుగా. బుర్రలు నేను చూసుకుంటా" అన్నాడాయన.

థరా అంటే అయ్యవారు. ఆ పిలుపు తప్ప ఆయనకు వేరే పట్టా లేదు. అవతలి ఒడ్డున కాలేజీలో మూడో ఏడు చదువుతుండగా యుద్ధం వచ్చిపడింది. ఊరూ పోయింది, చదువూ పోయింది. అందుకే కాబోలు, బడి అంటే ఆయనకు అంత ప్రాణం. ఏళ్లు గడిచేసరికి అది పన్నెండు తరగతుల బడి అయింది. పుస్తకాలు తామే రాసుకున్నారు. పరీక్షలు తామే పెట్టుకున్నారు. చదువు ముగించిన పిల్లలకిచ్చే పట్టా మీద గుద్దే ముద్రను అరిగిపోయిన రబ్బరు చెప్పు మీద ఆయనే చెక్కాడు. దాని మీద అంచున కప్పలుండే కంచు డోలు బొమ్మ వేశాడు. అది తమ జాతి గుర్తు.

ఆ బడిలో అందరికన్నా బాగా చదివిన పిల్ల థీవా. తల్లి సందు మొగలో తమలపాకులూ వక్కా అమ్మేది. థీవా చిన్నప్పుడే వాళ్ల పిన్ని కాన్పు కష్టమై, శిబిరం గేటు దగ్గర బండి కోసం ఎదురుచూస్తూ రక్తం పోయి చచ్చిపోయింది. అప్పటినుంచీ ఆ పిల్లది ఒకటే మాట, నర్సునవుతానని. పన్నెండో తరగతిలో మొదటి స్థానం వచ్చింది. ఆ ఏడే శిబిరం ఆసుపత్రి వాళ్లకు పాఠాలు చెప్పడానికి థాయ్ విశ్వవిద్యాలయం నుంచి రచనీ అనే ఆవిడ వచ్చింది. వెనక నిలబడి వింటున్న థీవా అడిగిన ప్రశ్నలకు ముచ్చటపడింది.

"మా నర్సింగు కాలేజీకి రావే అమ్మాయ్. నేనున్నాగా, వచ్చి అప్లికేషన్ పెట్టు" అంది.

బయటికి వెళ్లే పాసు సంపాదించడానికే నెల పట్టింది. థీవా తల్లి తాను నేసిన, పెళ్లికాని పిల్లలు వేసుకునే తెల్లటి పొడుగు చొక్కా తొడిగి కూతుర్ని సాగనంపింది. మూహే తోడు వెళ్లాడు. బండిలో వెళ్తున్నంతసేపూ ఆయన నోరు ఊరుకోలేదు.

"ఏమడిగినా తడుముకోకు. మన బడి ఎవరికీ తీసిపోదు. తెలిసిందా?"

"తెలుసు థరా. మీరే తడుముకుంటున్నారు. ఒక్కచోట కూర్చోండి" అని నవ్వింది థీవా.

కాలేజీ ఆఫీసులో గాజు కిటికీ వెనక కూర్చున్న ఉద్యోగిని పట్టాను అటూ ఇటూ తిప్పి చూసింది. మర్యాదగానే అడిగింది.

"ఇది ఏ దేశం వాళ్లిచ్చిందండీ?"

"మాది" అన్నాడు మూహే, తనకొచ్చిన వంకర థాయ్ భాషలో.

"మీది అంటే? బర్మా ప్రభుత్వానిదా?"

"కాదమ్మా. వాళ్ల దగ్గర్నుంచే కదా పారిపోయి వచ్చాం."

"పోనీ, మా విద్యాశాఖదా?"

"కాదు. బడిది."

"బడిదే పెద్దాయనా. కానీ ఆ బడిని గుర్తించిందెవరు?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది, కోపమైనా తెచ్చుకునేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ బడిని గుర్తించని మనిషి శిబిరంలో ఒక్కడూ లేడు.

థీవా కిటికీ దగ్గరికి జరిగింది. "నన్ను ఏమైనా అడగండి అక్కా. లెక్కలు గానీ, జీవశాస్త్రం గానీ. ఇప్పుడే అడగండి."

ఇంతలో రచనీ వచ్చింది. విషయం విని ఉద్యోగిని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు కంప్యూటరుతో కుస్తీ పట్టారు. చివరికి రచనీ లేచి బయటికొచ్చి, థీవాను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టింది.

"నువ్వు చదివావని నాకు తెలుసు. ఆ కంప్యూటరుకి తెలీదు. ఏ దేశపు చదువో చెప్పందే తర్వాతి పేజీకే వెళ్లనంటోంది. దేశాల పేర్లన్నీ ఉన్నాయి అందులో, మీది తప్ప."

"మరి ఏం చెయ్యాలి?"

"పెద్దవాళ్ల కోసం ఆదివారం బడి ఉంటుంది మా ఊళ్లల్లో. ప్రాథమిక తరగతి నుంచి మా భాషలో చదువుకుంటూ రావాలి. అన్నీ దాటితే మళ్లీ నా దగ్గరికి రా. కాస్త ఆలస్యమైనా సరే."

"ప్రాథమికమంటే... మొదట్నుంచా?"

"మొదట్నుంచే" అంది రచనీ, తల వంచుకుని.

తిరుగు దారిలో మూహే థీవాకు వెదురు గొట్టంలో కాల్చిన జిగురన్నం కొనిచ్చాడు. అది చేతిలోనే ఉంది, ఒలవలేదు. మొదటి చెక్‌పోస్టు దాటాక ఆమే అంది:

"థరా, ఆ థాయ్ ఆఫీసరు వచ్చిన రోజు గుర్తుందా?"

పొద్దున గాజు కిటికీ ముందు నిలబడ్డప్పటి నుంచీ మూహే మనసులో మెదులుతున్నదీ అదే.

థీవా చిన్నపిల్లగా ఉన్న రోజుల మాట. జిల్లా విద్యాధికారి ఒకాయన కారు వేసుకుని వచ్చాడు. మీ బడిని మా కిందికి తీసుకుంటాం, చెల్లే పట్టాలిస్తాం అన్నాడు. అయితే పాఠాలు థాయ్‌లో చెప్పాలి, కరెన్ భాష రోజుకో గంట చెప్పుకోవచ్చు అన్నాడు. చర్చిలో సభ పెట్టారు. మూహే లేచి మాట్లాడాడు. "ఊరు పోగొట్టుకున్నాం, పొలాలు పోగొట్టుకున్నాం. మిగిలింది మాట ఒక్కటే. దాన్ని కూడా గంటకి కుదించి వాళ్ల చేతిలో పెడదామా? రేపు మన మనవలు మన పాటల పుస్తకం తెరిచి ఇదేం గీతలని అడిగితే ఏం చెబుతారు?" అన్నాడు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చర్చి చప్పట్లతో దద్దరిల్లింది. ఆఫీసరు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

"గుర్తుంది" అన్నాడు మూహే.

"నేను ముందు వరసలో కూర్చున్నా. చేతులు మండేదాకా చప్పట్లు కొట్టా."

ఆమె నిందించి ఉంటే ఆయన ఏదో ఒకటి చెప్పుకునేవాడు. చప్పట్లు కొట్టిన పిల్లకు ఏం చెప్పాలి?

థీవా ఆదివారం బడిలో చేరింది. మొదటి వాచకంలో బాతూ, తామరపువ్వూ. పక్కన పొలం కూలీలు, ఒకరిద్దరు ముసలమ్మలు. "ఏమే నర్సమ్మా, మీ బాతు గుడ్డు పెట్టిందా?" అని స్నేహితురాళ్లు ఆట పట్టించేవాళ్లు. "పెట్టింది, పొదుగుతున్నా. మీకు డాక్టరు పుడతాడు, ఆగండి" అనేది. తరగతులు గబగబా దాటుతోంది కూడా. అంతలో నది అవతల మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. గేటు దగ్గర పాసులు ఆపేశారు. అవి మళ్లీ ఇచ్చేనాటికి తల్లి మంచాన పడింది. చెల్లెలు వావా ఇంకా చంటిది. ఇల్లు నడవాలంటే థీవా ఆసుపత్రిలో సాయానికి కుదరక తప్పలేదు. అక్కడే మందులిచ్చే కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంది. తెల్లచొక్కా పెట్టెలోకి వెళ్లింది. కాన్పులకు నర్సు చెప్పింది అందిస్తూ పక్కన నిలబడేది. నర్సులు వచ్చారు, వెళ్లారు. వాళ్లలో కొందరు ఆమెకన్నా చిన్నవాళ్లు.

మూహే ఊరుకోలేదు. పాసు దొరికినప్పుడల్లా జిల్లా ఆఫీసుకు వెళ్లేవాడు. అప్పటి ఆఫీసరు బదిలీ అయిపోయాడు. కొత్తాయన, "ఆ పథకమా? ఎప్పుడో ఎత్తేశారు పెద్దాయనా. అప్పుడే ఒప్పుకోవాల్సింది" అన్నాడు. ఆ చివరి మాట మోసుకుంటూ తిరిగి వచ్చేవాడు. అయినా మళ్లీ వెళ్లేవాడు.

కొన్నేళ్లకు అవే షరతులతో ఇంకో పథకం వచ్చింది. మళ్లీ చర్చిలో సభ. మూహే లేవగానే పాతవాళ్లు చప్పట్లకు సిద్ధమై కూర్చున్నారు.

"ఒప్పుకుందాం" అన్నాడాయన.

వెనకనుంచి ఒకడు, "థరా కూడా ముసలాడైపోయాడర్రా!" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయ్యాను. ముసలాణ్ణయ్యేదాకా అర్థం కాలేదు. మనం నేర్పింది మంచి చదువే. కానీ మన పిల్లలు ఎప్పటికీ ఈ కంచె లోపలే ఉంటారన్నట్టు నేర్పాం" అన్నాడు మూహే.

బడి మారింది. ప్రభుత్వం గుర్తించిన డిగ్రీ ఉన్నవాళ్లే పాఠాలు చెప్పాలన్నారు. ఆ లెక్కన మొదట తప్పుకోవాల్సిన మనిషి ఆయనే. సాయంత్రం కరెన్ భాషకు మిగిలిన గంట ఆయనకిచ్చారు. పిల్లలు అప్పటికే అలిసిపోయి ఆవలిస్తూ ఉండేవాళ్లు. ఆయన కసిరేవాడు కాదు.

కొత్త బడిలో చదివిన వావాకు నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. రచనీ రిటైరైపోయిందట. ఈసారి గాజు కిటికీ దగ్గర ఎవరూ ఏమీ అడగలేదట. బయల్దేరే రోజు అక్కాచెల్లెళ్లిద్దరూ మూహే ఇంటికి వచ్చారు. వావా వంగి నమస్కరించి, తాను గీసిన పూల బొమ్మ ఒకటి ఇచ్చింది. కింద కరెన్‌లో ఒక వాక్యం రాసింది. పలుకు ఎత్తుపల్లాలు చూపే గుర్తులు సగం తప్పు. "మీ ఋణం తీర్చుకోలేను" అని రాయబోయింది. ఆ గుర్తులు తారుమారై దానికి అసలు అర్థమే లేకుండా పోయింది.

థీవా ముఖం ఎర్రబడింది. మూహే కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు.

"బాగా రాశావమ్మా. జాగ్రత్తగా వెళ్లు. అక్కడ చలి ఎక్కువ, దుప్పటి పెట్టుకున్నావా?"

"రెండు పెట్టింది అక్క. ఇంకోటి పెడితే బండే ఎక్కదు" అని నవ్వుతూ పరుగెత్తింది వావా.

ఆ పిల్ల వెళ్లాక థీవా అరుగు మీద కూర్చుంది.

"దిద్దలేదేం థరా?"

"ఈపూట వద్దనిపించింది."

"ఆ మొదటి సభలో మీరన్నది అబద్ధం కాలేదు. వావాకు పాటల పుస్తకం చదవడం రాదు. నేను పాడితే విని పాడుతుంది."

"అబద్ధం కాకపోతే ఏం? నీ చదువు పోయిందిగా."

అలాంటిదేమీ లేదని ఆమె అంటుందని ఆయన ఎదురుచూశాడు. థీవా అబద్ధమాడే మనిషి కాదు.

"పోయింది" అంది.

ఆసుపత్రి నుంచి ఎవరో పిలిచారు, ఎవరికో నొప్పులు మొదలయ్యాయని. థీవా బట్టలు దులుపుకుని లేచింది. "అన్నం తినండి థరా, చల్లారిపోతోంది" అని చెప్పి గబగబా దిగిపోయింది. ఆయన తినలేదు. తన కరెన్ గంటకు టైమైంది, బడికి బయల్దేరాడు. వాన పడేలా ఉంది. దారి పొడుగునా ఆ గంటకు ఆగని పిల్లలు థాయ్‌లో కేకలేసుకుంటూ ఇళ్లకు పరుగెత్తుతున్నారు.