రాతి ఆకుకు మొదటి పేరు

అంట్లు తోమిన పీచుతో రాళ్లు రుద్దొద్దని మా ఆయన పరమేశ్వర్ కేకలేసేవాడు. పోలీసు యాక్షన్‌కు ముందటి నెలలవి. గొడవలకు పట్నంలో ఆయన పాఠాలు చెప్పే కాలేజీ మూతపడితే, రాళ్లను గోనెసంచుల్లో వేసుకొని ఇబ్రహీంపట్నంలోని ఇంటికి వచ్చేశాడు. గోదావరి ఒడ్డున ఏరుకొచ్చిన రాళ్లు. ఏ కాలానివో, వాటి మీద ఆకుల అచ్చులు. మెత్తని కుంచెతో మట్టి తీయడం, ఈనె ఈనెనూ సిరాతో బొమ్మ గీయడం నా పని, అదీ ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు చేసి పెట్టాక. ఆ ఆకుకు పేరు పెట్టడం మాత్రం ఆయన పని.

అయినా ఇప్పుడు తలుచుకుంటే ఆ వసారా, తడిసిన రాయి వాసన ఎంతో ప్రాణంగా అనిపిస్తాయి. ఆయన చెప్పే నియమాలు నాకు నచ్చేవి. ఒక మొక్కకు రెండు పేర్లుంటే మొదట పెట్టిందే నిలుస్తుంది. ఒకే పేరు రెండు మొక్కలకు ఉంటే వెనకదాన్ని కొట్టేయాలి.

నా పేరు కాశమ్మ. మా అత్త పేరూ అదే. కన్నతల్లి పేరు పెట్టి పెళ్లాన్ని ఎట్లా పిలుస్తాడని, పెళ్లినాడే నన్ను విమలను చేశారు. మా అమ్మ పోయాక నన్ను కాశమ్మా అనేవాళ్లే లేకుండా పోయారు. ఆ పిలుపు కోసం నాకు ఏడుపొచ్చేది.

ఒకనాడు రాయి కడుగుతూ అడిగేశాను. "మొదటి పేరే నిలుస్తదంటరు గద. మరి నా పేరో?"

ఆయన నవ్వాడు. "అమ్మది ముందటిది, నీది వెనకది. కొట్టేసుడే."

నాకు నచ్చిన నియమంతోనే నా నోరు మూయించాడు. పక్కన జొన్నలు చెరుగుతున్న అత్త చేట కింద పెట్టింది. నన్ను ఏనాడూ వెనకేసుకొచ్చిన మనిషి కాదు.

"నా పేరు ఎవలు పెట్టిన్రని ఎన్నడన్న అడిగినవా కొడుకా? నా తల్లి పెట్టింది పోశమ్మ. మా అత్త సుత పోశమ్మనే అని, ఈ ఇంట్ల నన్ను కాశమ్మను చేసిన్రు. గది నాది కాదు. దానిది దానికియ్యి."

ఆయన నా చేతిలోని కుంచె తీసుకొని రాయి మీది మట్టి దులపసాగాడు. అత్త నా వైపు తిరిగి, "కాశమ్మా, జర నీళ్లు తేపో" అంది. చెంబు అందిస్తూ, "తాగు, పోశమ్మత్తా" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

పొద్దుగూకే వేళ ఆయన అలవాటుగా "విమలా" అని పిలిచాడు. నేను పలకలేదు.

"ఆ పేరుగల్లోల్లు ఈ ఇంట్ల లేరు కొడుకా" అని వసారాలోంచి మా అత్తే జవాబు చెప్పింది.