పట్టిన పావు

ఆదివారం ఉదయం 6.40కి దుర్గేష్ గుర్రం కదిలింది. కదలాల్సిన బోర్డు మీద కాదు, వేరే బోర్డు మీద.

ఆ సంగతి దుర్గేష్‌కు తెలియదు. మొదట గమనించింది అతని ప్రత్యర్థి మనీషా. ఆమె విమానాశ్రయం కార్గోలో పెట్టెల లేబుళ్లు సరిచూస్తుంది. ఇల్లు మంఖాల్. ఆ సమయానికి చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఫోన్ చూస్తోంది. ఆన్‌లైన్‌లో ఆమెకు నలభై చదరంగం ఆటలు నడుస్తున్నాయి. ఒక్కో ఎత్తుకు మూడు రోజుల గడువు. గడువు దాటితే ఆట పోయినట్టే.

"ఒక్క నోటితోని నలభై పెండ్లిళ్ల బువ్వ తింటవా?" అంది తల్లి అనంతమ్మ. "చాయ్ సల్లారింది."

"ఒక్కటే చూస్తున్న అమ్మా."

నిజమే. ఆ ఉదయం మనీషాకు కావాల్సింది ఒక్కటే. శంషాబాద్ జట్టుకూ రాజేంద్రనగర్ జట్టుకూ లీగ్‌లో చివరి మ్యాచ్ అది. పది బోర్డుల్లో తొమ్మిది ముగిశాయి. చెరి నాలుగున్నర. మిగిలింది మనీషా, దుర్గేష్‌ల ఆట. మనీషా గెలిస్తే శంషాబాద్ పై లీగ్‌కు వెళ్తుంది. డ్రా అయితే, కిందటిసారి ముందున్న జట్టుగా రాజేంద్రనగర్ వెళ్తుంది.

కిందటిసారి శంషాబాద్ వెనకబడింది మనీషా వల్లే. చేతిలో పట్టనన్ని ఆటలు ఒప్పుకుని, మూడింటిని గడువు దాటించి పోగొట్టింది. ఈసారి ఆమె వద్దని జట్టులో నలుగురు అన్నారు. కెప్టెన్ జీవన్ ఒక షరతు మీద ఉంచాడు. ఈ మ్యాచ్ పోతే ఆమె పేరు తీసేస్తాడు.

దుర్గేష్ గడువు ఆ సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. అతను ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చుక్క కనిపిస్తోంది. అయినా ఎత్తు వేయలేదు. ఓడే ఆటను ఆపి, గెలిచే ఆటలు ఆడుకునేవాళ్లు ఉంటారు. అలాంటివాడేమో చూద్దామని మనీషా అతని మిగతా ఆటలు తెరిచింది. ఆ సైట్‌లో ఎవరి ఆటలు ఎవరైనా చూడవచ్చు. నడుస్తున్న ఆటలో ఏ ఎత్తు వేయాలో సలహా ఇవ్వకూడదు, అంతే.

బ్రెజిల్ ఆటగాడితో ఉన్న బోర్డు మీద దుర్గేష్ గుర్రం అవతలి బంటు వాత పడేలా దూకి ఉంది. ఊరికే చంపుకోవచ్చు. అతని స్థాయి ఆటగాడు వేసే ఎత్తు కాదు.

మనీషా తన బోర్డు తెరిచింది. రెండు ఆటలూ ఒకే తీరున మొదలైనవి. రెండింట్లోనూ గుర్రం ఒకే గడిలో ఉండింది. అదే ఎత్తు ఇక్కడ వేస్తే తన రాజుకు చెక్, అదే దెబ్బకు మంత్రికి ఎసరు.

చాయ్ తాగకుండానే బయటికి వచ్చింది.

జట్టు కెప్టెన్ జీవన్ స్టాఫ్ బస్సు డ్రైవర్. శ్రీశైలం రోడ్డు మీద బస్సు ఆగగానే మనీషా ముందు సీట్లో కూర్చుని విషయం చెప్పింది. వెనక సీట్లోంచి శివ తల దూర్చాడు. అతనూ జట్టులోవాడే. సామాన్లు ఎక్కించే పని.

"అంటే ఆడేసిన అనుకుంటున్నడు," అన్నాడు జీవన్. "ఐదింటి దాకా గట్లనే అనుకోనియ్."

"ఎత్తు నీదే, టైము చూసుకో అని చెప్తే తప్పేముందన్నా?"

"తప్పు లేదు, అకల్ లేదు. నీ మంత్రిని మింగే ఎత్తు వాని చేతుల పెడ్తవా? కిందటిసారి నీకు మూడు ఆటలు పోతే ఒక్కడన్న చెప్పిండా?"

"ఒకడు చెప్పిండు," అంది మనీషా. "రెండుసార్లు మెసేజ్ పెట్టిండు. నేనే చూడలే."

"ఎవడు వాడు?"

"ఎవరైతే ఏంది?"

"అక్కా, గడియారం మనకు చుట్టం గాదు," అన్నాడు శివ. "గని ఇయ్యాల ఇంటికొచ్చింది. బువ్వ పెట్టి పంపు."

బస్సులో నవ్వారు. మనీషా నవ్వలేదు. ఎనిమిది నుంచి నాలుగు దాకా కార్గోలో ఫోన్ లాకర్‌లో ఉండాలి. చెబితే ఇప్పుడే చెప్పాలి. బస్సు గేటు దాటుతుండగా ఆమె టైపు చేసింది.

"నమస్తే అండీ. మన బోర్డు మీద ఎత్తు ఇంకా మీదే. ఐదింటికి గడువు అయిపోతుంది. మీ గుర్రం ఎటు పోవాలనుకున్నదో వేరే బోర్డు మీద కనబడ్డది. చూడాలని చూడలేదు. మీరు వేరే ఎత్తు వేసినా నేనేమీ అనుకోను."

పంపిన తర్వాత జీవన్‌కు చదివి వినిపించింది.

జీవన్ బ్రేక్ వేశాడు. "దిగు," అన్నాడు. అది ఆమె దిగాల్సిన చోటే.

పని మొదలైంది. మందుల పెట్టెలు, తర్వాత పూల పెట్టెలు. మనీషా లేబుళ్లు చదువుతూ బోర్డును తలలో పెట్టుకుంది. గుర్రం దూకుతుంది. రాజు తప్పుకోవాలి. మంత్రి పోతుంది. అక్కడితో ఆట అయిపోయిందని పొద్దున అనుకుంది.

భోజనాల వేళ అన్నం కలుపుతుంటే చేయి ఆగింది. గుర్రం లేచిన గడి గుర్తొచ్చింది. ఇన్ని రోజులుగా తన బంటు చివరి వరుసకు రెండు గడుల దూరంలో ఆగిపోయింది ఆ గుర్రం కాపలా వల్లే. గుర్రం మంత్రిని చంపడానికి పోతే దారి ఖాళీ. అవతలి ఏనుగు సొంత బంట్ల మధ్యే ఇరుక్కుని ఉంది. రెండు ఎత్తుల్లో బంటు మంత్రి అవుతుంది.

ఒక్కటే చిక్కు. రాజు మూలకు తప్పుకుంటే గుర్రం ఇంకో చెక్ పెట్టి వెనక్కి వచ్చేస్తుంది. మూల పక్క గడికి పోవాలి.

అయితే గుర్రం దూకితేనే ఇదంతా. వేరే ఎత్తు వేయవచ్చని పొద్దున తనే రాసింది. గుర్రం అక్కడే కూర్చుంటే డ్రా. డ్రా అంటే రాజేంద్రనగర్.

నాలుగింటికి లాకర్ తెరిచింది. దుర్గేష్ జవాబు ఉంది.

"నమస్కారమండీ. పొద్దున ఆడేశాననే అనుకున్నాను. మీరు చెప్పకపోతే ఆట పోయేది, థ్యాంక్సండీ. ఆ బ్రెజిల్ ఆయన నా గుర్రాన్ని తినేశాడు. వెనక్కి ఇమ్మని అడగలేదు. మీరు వేరే ఎత్తు వేయమన్నారు. అలా ఎలా కుదురుతుందండీ? పట్టిన పావు ఆడాల్సిందే. ఏ బోర్డు మీద పట్టినా పట్టినట్టే."

గుర్రం దూకి ఉంది. రాజుకు చెక్. మంత్రికి ఎసరు.

మనీషా పరుగెత్తింది. బస్సు బయల్దేరబోతోంది. ఎక్కుతూనే రాజును మూల పక్క గడికి జరిపింది.

"ఏమైంది?" అన్నాడు జీవన్ అద్దంలో చూస్తూ.

"గుర్రం దూకింది."

"అయిపాయె. నీ పేరు గొట్టేస్త."

"నువ్వు రోడ్డు చూడన్నా. శివా, ఇటు రా."

దుర్గేష్ ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు. మూడు రోజుల గడువున్న ఆట నిమిషాల్లోకి వచ్చింది.

"మంత్రిని మింగిండు!" అన్నాడు శివ.

"చెప్పిన్నా లేదా?" జీవన్ స్టీరింగ్ మీద కొట్టాడు. హారన్ మోగింది. ముందున్న క్యాబ్ పక్కకు తప్పుకుంది.

మనీషా బంటును జరిపింది.

"అన్నా, అక్క బంటును జరిపింది."

"మంత్రి పోతే బంటుతోని ఏం జేస్తది?"

"ఇంకొక్క గడే ఉందన్నా."

"దేనికి?"

"మంత్రి కానీకి!"

బస్సులో సగం మంది లేచారు. చదరంగం రానివాళ్లు కూడా లేచారు. జీవన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"గుర్రం ఆపుతదా? జర చెప్పుర్రి! ఏనుగు ఏడున్నది?"

"ఏనుగు బంట్ల నడుమ ఇరికింది. గుర్రం వస్తున్నది... రాలే! అందలే! అన్నా, అందలే!"

మనీషా బంటును చివరి గడిలో పెట్టింది. మంత్రి అయింది. దుర్గేష్ వైపు గడియారం నడిచింది. బస్సు శ్రీశైలం రోడ్డు మలుపు తిరిగింది.

తెర మీద దుర్గేష్ ఓటమి ఒప్పుకున్నట్టు వచ్చింది.

శివ అరిచాడు. జీవన్ బస్సును పక్కకు తీసి ఆపి, తలుపు తెరిచి, కిందికి దిగి, మళ్లీ ఎక్కాడు. ఎందుకు దిగాడో అతనూ చెప్పలేదు. మనీషా దగ్గరికి వచ్చి ఫోన్ తీసుకుని స్కోరు చూశాడు. అయిదున్నర, నాలుగున్నర.

"పొద్దుగాల్ల దిగుమన్న గదా," అన్నాడు. "ఆడ నీ స్టాపే ఉండె."

"తెల్సు అన్నా."

దుర్గేష్ నుంచి మెసేజ్ వచ్చింది. "బంటును చూసుకోలేదండీ. మంచి ఆట." దాని వెంటే ఇంకో ఆటకు ఆహ్వానం.

"ఇగ కొత్త ఆట పట్టకు," అన్నాడు జీవన్. "ఉన్నయి చాలు. ముప్పై తొమ్మిది."

మనీషా అప్పటికే నొక్కింది. నలభై.