విజిల్ మేడం మోకాలు

బడిపిల్లలు ఆటల టీచరుకు పెట్టిన పేరు విజిల్ మేడం. మైదానంలో ఎవరు పడ్డా ఆవిడ నోట ఒకటే మాట: "లే, ఏం కాలేదు. దులుపుకుని పరిగెత్తు!" ఇరవై రెండేళ్లుగా అంతే. చాలామంది నిజంగానే దులుపుకుని పరిగెత్తారు కూడా.

ఆ రోజు బంతిని ఎలా అడ్డుకోవాలో చూపించబోయింది. కుడి పాదం నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాల్లో టప్పుమంది. లేవబోయి కూలబడింది.

డాక్టరు కాలు అటూ ఇటూ నొక్కి, స్కాన్ చూశాడు. "లోపలివైపు ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంటు కొంత తెగిందమ్మా. మిగతావన్నీ గట్టిగానే ఉన్నాయి. దీనికి ఆపరేషన్ అక్కర్లేదు, దానంతటదే అతుక్కుంటుంది. దాని పని దాన్ని చేసుకోనివ్వండి, చాలు."

"అయితే సోమవారం బడికెళ్లొచ్చా?"

పక్కనే ఉన్న భర్త నిట్టూర్చాడు. గడియారాలు బాగుచేసే ఆయనకు ఓపికెక్కువ. "ఈవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టడం కంటే ఆపరేషనే సులువు డాక్టరుగారూ!"

ఆరు వారాలు మోకాలికి పట్టీ, చంకలో కర్ర. ఫిజియోథెరపిస్టు మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "నొక్కండి, ఐదు లెక్కపెట్టండి, వదలండి," అంది. ఇదీ ఒక వ్యాయామమేనా అనుకుంది మేడం. తీరా నొక్కబోతే కండరం కదల్లేదు.

"ఇదేంటమ్మా, నా తొడ నా మాటే వినడం లేదు!"

"మోకాలు వాస్తే తొడ బద్ధకిస్తుందండీ. బుజ్జగించి లేపాలి."

పదో రోజుకు నొప్పి తగ్గింది. భర్త దుకాణానికి వెళ్లగానే మేడం పట్టీ విప్పేసి మెట్లు దిగింది. మూడో మెట్టు మీద మోకాలు లోపలికి ఒరిగింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకోబట్టి సరిపోయింది గానీ, సాయంత్రానికి మళ్లీ వాపు.

చీవాట్లు తప్పవనుకుంటూ వెళ్లింది. ఫిజియో ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి మోకాలి మీద పెట్టింది. "నొప్పి తగ్గడం వేరు, అతుక్కోవడం వేరండీ. ఏం కాలేదనుకున్నారు కదూ?"

ఆ మాట మేడానికి చురుక్కుమని తగిలింది. నిరుడు లాంగ్ జంప్ లో పడి "మోకాలు, మేడం," అని ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. అందరూ జింక అని పిలిచేవాళ్లు. ఆ పిల్లను లేపి మళ్లీ దూకించింది తనే. తర్వాత జింక ఆటల వైపే రాలేదు. చదువులో పడిందనుకుంది.

ఇంటికి రాగానే జింక తల్లికి ఫోన్ చేసింది.

"అప్పట్నుంచీ గోడ పట్టుకునే మెట్లు దిగుతోందండీ. ఏం కాలేదని మీరే అన్నారు కదా, మేమూ పట్టించుకోలేదు."

"రేపు నాతో పంపించమ్మా," అంది మేడం.

ఫిజియో జింక మోకాలు నొక్కి చూసి, కాళ్లు రెండూ టేపుతో కొలిచింది. అప్పుడు తెగిన లిగమెంటు అతుక్కుంది గానీ వాడకం తగ్గి ఒక తొడ సన్నబడింది. "ఆలస్యమైంది, కానీ చేయి దాటిపోలేదు."

ఆ రోజు నుంచీ పక్కపక్క బల్లల మీద ఇద్దరూ తువ్వాళ్లు నొక్కారు.

"మేడం, మీరు మూడుకే వదిలేస్తున్నారు!"

"కనిపెట్టేశావూ?" మేడం నవ్వబోయి ఆగింది. "ఆ రోజు నొప్పి ఎక్కడని నిన్ను అడగాల్సింది. తప్పు నాదే తల్లీ."

జింక తువ్వాలు అంచు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. మర్నాడు మాత్రం మేడం కంటే ముందే వచ్చింది.

మూడు నెలలకు మేడం కర్రా, పట్టీ లేకుండా బడికి వచ్చింది. జింక ఇసుక గుంట దాకా వచ్చి నిలబడింది.

"దూకాలనుందా?"

"ఉంది. కానీ భయం, మేడం."

"సరే, ఇవాళ ఊరికే నడుద్దాం పద."

ఇద్దరూ మైదానం చుట్టూ మెల్లగా నడిచారు.