పాముచెవులు

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆఖరి గది ఆమెది. తలుపు మీద టెస్టింగ్ అని రాసి ఉంటుంది గానీ, అందరూ చెవిగది అనే అంటారు. గోడలకు నాలుగు వేళ్ల మందాన స్పాంజి, కప్పు నుంచి ఒక కొక్కెం, కింద ఒక కుర్చీ. కొక్కేనికి ఫ్యాను తగిలించి స్విచ్ వేస్తారు, ఆమె కళ్లు మూసుకుంటుంది. ఒక్క నిమిషం. "పోనీండి" అంటే ఆ ఫ్యాను అట్టపెట్టెలోకి వెళ్తుంది, "వద్దు" అంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. వద్దన్నదాన్ని విప్పి చూస్తే బేరింగులో ఆవగింజలో సగమంత ఇసుక రేణువైనా దొరకాల్సిందే. పదకొండేళ్లలో రెండుసార్లు మాత్రం ఏమీ దొరకలేదు. ఆ రెండు ఫ్యాన్లనీ మేనేజరు పంతంకొద్దీ తన ఇంట్లో బిగించుకున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండానే రెండూ మూలగడం మొదలుపెట్టాయి. అప్పటినుంచి ఆయన ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడతాడు.

ఫ్యాక్టరీలో ఆమె పాముచెవుల మేడమ్. మెచ్చుకోలుగానే అంటారు. ఇంట్లో ఆమె పేరు అత్తిపత్తి. ముట్టుకుంటే ముడుచుకుపోయే ఆ మొక్క పేరు పెట్టింది నాన్న, ప్రచారంలోకి తెచ్చింది తమ్ముడు. విచిత్రం చూడండి, ఇంట్లో జబ్బుగా ఉన్నది బస్సెక్కి ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేసరికి అర్హత అయిపోతుంది. దానికి జీతం కూడా ఇస్తారు.

ఆమెతో వేగడం కష్టమే, కాదనలేం. ఆ కష్టంలో ఎక్కువ వాటా ఆమెదే. కుక్కరు కూత పెట్టబోయే ముందు లోపల ఆవిరి ఎగదన్నుకొచ్చే చప్పుడు ఆమెకు వినబడుతుంది. అందుకని కూతకు ముందు ఒకసారి, కూతకు ఒకసారి ఉలిక్కిపడుతుంది. పై వాటాలో ఎవరో తలుపు ధడాలున వేస్తే ఇక్కడ ఈమె చేతిలో గ్లాసు కింద పెట్టేస్తుంది. క్యాంటీన్లో అవతలి బల్ల దగ్గర ఇద్దరు ముభావంగా కూర్చుంటే, తనేం తప్పు చేసిందో అని ఆ పూట ఆమెకు అన్నం సహించదు. బంధువులంతా కలిసి దీనికి ఒకటే మందు రాసిచ్చారు, పట్టించుకోకు అని. ఆ మందు ముప్ఫై ఏళ్లుగా వాడుతోంది. గుణం కనబడలేదు.

ఒకసారి ధైర్యం చేసి కౌన్సెలింగ్ డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"కొంతమంది పుట్టుకతోనే సున్నితంగా ఉంటారమ్మా. అలాంటి పిల్ల భయంభయంగా పెరిగితే అది రెట్టింపవుతుంది. మీ ఇంట్లో ఏం జరిగేది?" అని ఆవిడ అడిగింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్లింట్లో ఏమీ జరగలేదు. అమ్మ ఉన్నన్నాళ్లూ అదే మాట చెప్పింది, "ఏం జరిగిందే, ఏమీ జరగలేదు, పడుకో" అని. నాన్నను అడిగే పనే లేదు. వయసు ఆయన్ని బాగా మెత్తబరిచింది. మెత్తబడ్డవాళ్లను ఏమైనా అంటే అన్నవాళ్లే కఠినాత్ములైపోతారు. ఇక మిగిలింది తమ్ముడు. చెట్టంత మనిషి, లారీ టైర్ల షాపు నడుపుతాడు. పక్కనే టైరు పేలినా తల తిప్పడని పేరు.

ఆమెకు మాత్రం గుర్తుంది. ఇంటి ముందు మూడు మెట్లు. సాయంత్రం నాన్న పని నుంచి వచ్చి, నేరుగా ఎక్కేస్తే ఆ రోజు గండం గడిచినట్టే. మూడో మెట్టు మీద ఆగాడంటే మాత్రం చేతి వాచీ తీస్తున్నాడని అర్థం. ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న వాచీ, దానికి దెబ్బ తగలకూడదు. స్టీలు గొలుసు కొక్కెం టిక్కుమనేది. ఆ టిక్కుకీ తలుపు తెరుచుకోవడానికీ మధ్య నాలుగు అంకెలు లెక్కపెట్టేంత వ్యవధి. ఎనిమిదేళ్ల ఆమె ఆ నాలుగు అంకెల్లో ఆరేళ్ల తమ్ముణ్ని వీపు వెనక్కి లాక్కునేది. అన్నేళ్లలో ఆ వాచీ మీద ఒక్క గీత కూడా పడలేదు.

ఇంట్లో ఇంకెవరికీ గుర్తులేనిది తనొక్కదానికే గుర్తుంటే అది జరిగినట్టా, కానట్టా? ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. క్షమాపణలు అక్కర్లేదు, ఏడుపులు అసలే వద్దు, చప్పుడవుతుంది. అవును, జరిగింది అని ఒక్కరు అంటే చాలు. ఆ ఒక్క మాట కోసమే డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు తమ్ముడికి ఫోన్ చేసింది.

"నీకు నాన్న వాచీ గుర్తుందా?"

"ఏ వాచీ?"

"మూడో మెట్టు మీద తీసేవాడు కదరా."

"నాకేం గుర్తులేదక్కా. నాలుగు దెబ్బలు ఎవరింట్లో తినలేదు చెప్పు? నువ్వే ఊరికే గోరంతలు కొండంతలు చేసుకుంటావు. పట్టించుకోకు."

ఇదిలా ఉండగా కంపెనీకి పాతికేళ్లు నిండాయి. వీడియో తీయిద్దామని మేనేజరుకు బుద్ధి పుట్టింది. పాముచెవుల మేడమ్‌కి కళ్లకు గంతలు కట్టి, వెనకాల మనుషుల్ని నడిపించి, అడుగుల చప్పుడును బట్టి ఎవరో చెప్పమనడం. చివర్లో ఒక ప్రశ్న, మీకీ చెవులు ఎక్కణ్నుంచి వచ్చాయి అని. జవాబు ముందే రాసుకు రమ్మన్నాడు. దేవుడిచ్చిన వరం అని ఆమె ఒక చీటీ మీద రాసుకుంది. ఈ విషయంలో దేవుడికి ఏ పాపమూ తెలియదని ఆమెకు తెలుసు. అయినా ఆయన వచ్చి కాదనడు కదా.

ఆ రోజు పొద్దున ప్యాకింగ్ షెడ్డులో చెక్కబల్లలతో వేదిక వేశారు. ఎదురుగా రెండొందల కుర్చీలు. ఆమె వేదిక ఎక్కి చూస్తే మొదటి వరసలో నాన్న, ఇస్త్రీ చొక్కాలో. మూడో వరసలో తమ్ముడూ మరదలూ. ఆశ్చర్యపరుద్దామని మేనేజరే పిలిపించాడట. ఆశ్చర్యాలు ఆమె ఒంటికి పడవని అంత పెద్ద ఫ్యాక్టరీలో ఎవరికీ తోచలేదు.

ముందు నాన్న చేతికి మైకు ఇచ్చారు.

"చిన్నప్పట్నించీ అంతేనండి. నేనింకా గేటు దగ్గరుండగానే నా అడుగు గుర్తుపట్టేసేది. నేను లోపలికొచ్చేసరికి రేడియో ఆపేసి, పుస్తకాలు సర్దేసి, గోడ పక్కన బుద్ధిగా నించునేది. నేనంటే అంత ఇది."

షెడ్డంతా చప్పట్లు మోగాయి. చెప్పిన దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు మరి.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కళ్లకు గంతలు కట్టారు. వెనకాల ఒకరి తర్వాత ఒకరు నడిచారు.

"స్టోర్ కీపరు. ఎడమ బూటు మడమ అరిగిపోయింది, మార్చండి."

"క్యాంటీన్ వంటమాస్టరు. మోకాలు కాస్త నయమైనట్టుంది."

"మేనేజరు గారు. పిల్లిలా నడుస్తున్నారు, అయినా మీరే."

జనం ఈలలు వేశారు. ఆ తర్వాత చేతికర్ర ఆనించి, చెప్పులీడ్చుకుంటూ ఎవరో వచ్చారు. కొత్త కర్ర, కొత్త చెప్పులు. ఆమెకు రెండడుగులు చాలాయి.

"నాన్న," అంది.

చప్పట్లు ఆగాక మేనేజరు మైకులో, "ఇలాంటి బిడ్డను పెంచి మాకిచ్చిన పెద్దాయనకు కంపెనీ తరఫున చిన్న కానుక," అని పెట్టెతో పాటు మైకు కూడా ఆయన చేతికిచ్చాడు. ఆమె గంతలు ఇంకా విప్పలేదు. పెట్టె మీది రంగు కాగితం చిరిగిన చప్పుడు. మూత తీసిన చప్పుడు. ఆపైన గొలుసు గలగల, కొక్కెం పడిన చప్పుడు. వాచీ. దాన్ని పెట్టుకున్నప్పటి చప్పుడుతో ఆమెకు పేచీ లేదు. అది నాన్న పొద్దున పనికి వెళ్లేటప్పటి చప్పుడు, రోజంతటిలోకీ మంచి చప్పుడు.

"వదులైందండీ, జారిపోతోంది," అని నాన్న వాచీ విప్పాడు. చేతిలో మైకు ఉందన్న ధ్యాస లేదు ఆయనకి. టిక్కుమంది కొక్కెం. నాలుగు స్పీకర్లలోంచి షెడ్డంతా టిక్కుమంది.

ఆమె లేచి నిలబడింది. లేవాలని అనుకోలేదు, కాళ్లే లేచాయి. కుడిచెయ్యి దానంతటది వెనక్కి వెళ్లి, ఆరేళ్ల పిల్లాడు ఉండాల్సిన ఎత్తులో గాలిని తడుముతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తలుపు తెరుచుకోలేదు. నటన బాగుందనుకుని ఎవరో నవ్వారు.

సిగ్గుతో చచ్చిపోతూ గంతలు లాగేసింది. రెండొందల మందీ కుర్చీల్లో కూర్చునే ఉన్నారు. ఒక్క మనిషి తప్ప. మూడో వరసలో తమ్ముడు లేచి నిలబడి ఉన్నాడు. మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, తల భుజాల్లోకి దించుకుని నిలబడ్డాడు. అంత మనిషీ ఇంతే అయిపోయాడు. మరదలు చొక్కా పట్టుకుని లాగుతోంది, అతనికి తెలియడం లేదు.

గాలిలో ఉన్న కుడిచెయ్యిని ఆమె కిందికి దించింది.

మేనేజరుకు ఇదేం పట్టలేదు. నాన్న చేతిలోంచి మైకు తీసుకొచ్చి ఆమెకిచ్చి, "మేడమ్, ఆఖరి ప్రశ్న. మీకీ చెవులు ఎక్కణ్నుంచి వచ్చాయి?" అన్నాడు.

చేతిలో చీటీ ఉంది. దాన్ని మడిచి కుర్చీలో పెట్టింది.

"మా నాన్న మమ్మల్ని కొట్టే ముందు వాచీ తీసేవాడండి. ఆ చప్పుడు ముందుగా వినడం నేర్చుకున్నాను. ఇప్పుడు మీరందరూ విన్నారు కదా, అదే చప్పుడు."

నాన్న చేతిలో వాచీని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, తప్పు దానిదే అన్నట్టు. వీడియో అతను తల గోక్కుని, "మేడమ్, కాస్త నవ్వుతూ ఇంకోసారి చెప్తారా?" అన్నాడు.

ఆమె ఇంకోసారి చెప్పలేదు. తమ్ముడి వంకే చూస్తోంది. అతను చెయ్యి దించాడు. మొహం తుడుచుకున్నాడు. కుర్చీలు కదులుతున్నాయి, గుసగుసలు మొదలయ్యాయి, మరదలు ఏదో గట్టిగా అడుగుతోంది. వాటన్నిటి మధ్యా అతని పెదవులు కదిలాయి. ఆ మాట పక్కనున్న పెళ్లానికే వినబడలేదు.

"గుర్తుందక్కా."

ఆమెకు వినబడింది.