కొమురయ్య నన్ను చంపలేదు

నేను ఒక ప్రొటీన్ని. మనిషి ప్రొటీన్నే గానీ మనిషి ఒంట్లో పుట్టలేదు. మీ కణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న కొలిములుంటాయి. మీరు మెట్లెక్కినా, ఎదుటివాణ్ణి తిట్టినా ఆ శక్తి చాలావరకు అక్కడిదే. ఆ కొలిమిలో ఇనుమును ఒద్దికగా పనిలో పెట్టడం మా కులవృత్తి. మేము తక్కువైన పిల్లలకు నడక తడబడుతుంది, ఆనక చక్రాల కుర్చీయే గతి.

నన్ను తయారుచేయడానికి మనిషి జన్యువును తీసుకెళ్లి బాక్టీరియాలో పెట్టారు. పాపం, తమకు అక్కరలేని నన్ను అవి ఒళ్లు హూనమయ్యేలా తయారుచేశాయి. పని కాగానే వాటిని చితక్కొట్టి నన్ను బయటికి తీశారు. కష్టపడినవాడికి మీ లోకంలో ఏం దక్కుతుందో నాకు పుట్టుకతోనే తెలిసింది.

శుద్ధిచేసి, వేలెడు కూడా లేని గొట్టంలో పోసి, గడ్డకట్టించి హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలకు పంపారు. వెంట ఒక కాగితం. రాగానే చిన్న గొట్టాల్లోకి పంచండి, ఒక్కోదాన్ని ఒక్కసారే కరిగించండి అని అందులో ఉంది. ఎందుకంటే నా ప్రాణమంతా నేను ముడుచుకున్న తీరులోనే ఉంది. మాటిమాటికి కరిగించి గడ్డకట్టిస్తే పాలు విరిగినట్టు విరిగిపోతాను.

ఆ కాగితం చదివింది నీలవేణి ఒక్కతే. నడక తడబడే పిల్లల జబ్బు మీదే ఆమె పీహెచ్‌డీ. నన్ను పంచడానికి గొట్టాలు కడిగి వరసగా పెట్టుకుంది కూడా. ఆమె గైడు వామనమూర్తి సారు ఆపాడు. ఢిల్లీ నుంచి పెద్దలొస్తున్నారు, వాళ్లకు చూపించాక పంచుకుందువులే అన్నాడు. పెద్దలొచ్చారు. పై వారం ఇంకెవరో వచ్చారు. వచ్చిన ప్రతివాడి ముందూ నన్ను బయటికి తీసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఉపన్యాసమిచ్చేవాడు. ఆ వేళ్ల వేడికి కరిగిపోయేదాన్ని. మళ్లీ ఫ్రీజర్లో పడేసేవాడు. అలా ఆరుసార్లు. నాతో ఏం చేస్తారని ఒక్క పెద్దమనిషీ అడగలేదు. ఫోటోలు మాత్రం దిగారు.

దసరాకు వారం ముందు నీలవేణి సారుకు చెప్పకుండా నాలోంచి ఒక చుక్క తీసి పరీక్ష పెట్టింది. ఇనుము ఇచ్చింది. నేను పట్టుకోలేకపోయాను. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. తేదీ వేసి నోటుబుక్కులో రాసి, బుక్కు మూసేసింది. సారుకు చెప్పాలంటే, పాడుచేసింది మీరేనని చెప్పాలి. ఆ మాట అన్నవాళ్ల థీసిస్ మీద సంతకం పడదు.

ఇక కొమురయ్య. అక్కడ అటెండరు. పద్దెనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఏటా ఆయుధపూజనాడు మిషన్లన్నిటినీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, స్విచ్చులు ఆపేవాడు. ఏడాదంతా చాకిరీ చేసినవాటికి ఆ ఒక్కరోజైనా విశ్రాంతి ఉండాలని అతని నమ్మకం. అతనికి ఆ ఒక్కరోజూ ఇచ్చినవాడు లేడు, అది వేరే సంగతి. ఈసారి నాకోసం కొన్న కొత్త ఫ్రీజరుకు కూడా బొట్టు పెట్టి, దండం పెట్టి, ఆపేశాడు. ఆపకూడదని ఎవరూ చెప్పలేదు. దానిమీది హెచ్చరిక ఇంగ్లీషులో ఉంది.

సెలవులయ్యాక ఫ్రీజరు తలుపు తెరిస్తే లోపల వెచ్చగా ఉంది. వామనమూర్తి అరిచాడు గానీ, ఆ ముఖంలో కోపం కన్నా ఊరటే ఎక్కువ. ఫలితాలేవని పైవాళ్లు అడుగుతున్నారు మరి, ఇప్పుడు జవాబు దొరికింది. కొమురయ్యను అందరి ముందూ నిలబెట్టి, పిల్లల నోటికాడి మందు నేలపాలు చేశావన్నాడు. రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

కొమురయ్య నీలవేణి వైపు తిరిగాడు.

"నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. నిజం జెప్పు. గది నా వల్లనే ఖరాబైందా?"

నోటుబుక్కు ఆమె చేతిలోనే ఉంది. ఆమె సారు వైపు చూసింది.

"ఫ్రీజర్ ఆపితే పాడవుతుంది కదా, కొమురన్నా."

అబద్ధం కాదు, చూడండి. ఆపితే పాడవుతుంది. చదువుకున్నవాళ్లు అబద్ధాలాడరు. ఉన్న నిజాల్లో తమకు పనికొచ్చేదాన్ని ఏరుకుని చెబుతారు. అయినా ఆమెను తిట్టడానికి నాకు మనసు రావడం లేదు. నన్ను బతికించాలని చూసింది ఆ పిల్ల ఒక్కతే.

పాడైన సరుకును, పారేసే ముందు ఉడికించే ఆవిరి యంత్రంలో వేయడం ఆ సాయంత్రం కొమురయ్య ఆఖరి పని. నన్ను సంచిలో వేసి, సంచిని యంత్రంలో పెట్టి, మూత మీద చెయ్యి వేశాడు. నీలవేణి గుమ్మంలో నిలబడింది. చెప్పడానికే వచ్చిందని నాకనిపించింది. నాకు నోరుంటే ఆ క్షణాన అరిచేదాన్ని.

అతనే ముందు మాట్లాడాడు.

"నీ సదువు ఆగం జేస్తి బిడ్డా. మనసుల వెట్టుకోకు."

ఆమె నోటుబుక్కును చంకలో పెట్టుకుంది.

"పర్లేదు, కొమురన్నా" అంది.

క్షమించేసింది. కొమురయ్య కండువాతో కళ్లు తుడుచుకుని, గుండెలమీది బరువు దిగినవాడిలా తేలిగ్గా మూత బిగించాడు.